కొత్త టైర్లు ముందుకా, వెనక్కా

స్టేషన్ గోడ మీద గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. నాలుగింటికి సాయిలుని కోర్టుకి తీసుకెళతారు. ఆ తర్వాత రిమాండు. ఉదయలక్ష్మి చేతిలో నాలుగు గంటలు కూడా లేవు.

"నిన్న సాయంత్రం అరెస్టు చూపించినం మేడం. ఇయ్యాల హాజరుపరచాలె. మీరు పది నిమిషాలు మాట్లాడుకోండి," అన్నాడు రైటర్, ఏదో దానం చేస్తున్న ముఖం పెట్టి.

సాయిలు బల్ల చివర కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి. మధురానగర్‌లో టైర్ల షాపు. శనివారం సాయంత్రం అనుపమ ఎర్ర కారుకి రెండు కొత్త టైర్లు వేశాడు. సోమవారం ఉదయం ఆరూ పన్నెండుకి ఆ కారు సన్నటి జల్లులో పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతూ రెండుసార్లు గిర్రున తిరిగి గోడకి గుద్దుకుంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడిపే అనుపమకి ముప్పై రెండేళ్లు. ఇవాళ బుధవారం. ఇంకా ఐసీయూలో స్పృహ లేకుండానే ఉంది. ఆమెకి ఏమైనా అయితే, టైర్లు తప్పుగా వేశాడని సాయిలు మీద పెట్టిన కేసు ఇంకా పెద్దదవుతుంది.

ఉదయలక్ష్మిని పనిలోకి దింపింది అనుపమ తండ్రి కామరాజు. నిన్న ఉదయమే అమీర్‌పేట ఆఫీసు మెట్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. "ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేశానమ్మా. బండి ఊరికే అలా తిరగదు. అమ్మాయికీ, కోచింగ్ సెంటర్లో దాని పార్ట్‌నర్ రవికాంత్‌కీ పడట్లేదు. వాడే ఈ టైర్ల వాడి చేత ఏదో చేయించాడు. నిజం బయటికి లాగండి," అన్నాడు. ఆ మాట చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పదిహేనేళ్లు చేసి, పై అధికారులతో పడక ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా మారిన ఉదయలక్ష్మికి కన్నీళ్లంటే సాధారణంగా విసుగు. ఆ ముసలాయన ముందు మాత్రం ఆ విసుగు రాలేదు.

"సూటిగా చెప్పు సాయిలూ. కొత్త టైర్లు ఎటు వేశావు?"

"ఎనక్కి మేడం."

"గుద్దిన కారుకి కొత్తవి ముందున్నాయి. అరిగినవి వెనకున్నాయి. అందరూ చూశారు."

"గదే నాకు సమజైతలేదు. నేనైతే ఎనక్కే ఏసిన. నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు కోర్టులో పనికిరావు. ఊళ్లో ఏ షాపుకెళ్లినా కొత్తవి ముందుకే వేస్తారు. నువ్వొక్కడివే వెనక్కెందుకు వేశావు?"

సాయిలు తల గోక్కున్నాడు. "నేను సుత అందరికీ ముందుకే ఏస్త. కస్టమర్లు గట్లనే అడుగుతరు, స్టీరింగు దిక్కు కొత్తవి ఉండాలె అని. గీ మేడం ఒప్పుకోలే. 'ఎనక చక్రాలు తోసే బండి అన్నా ఇది, ఎనక పట్టు లేకుంటే తోక ముందుకొస్తది' అన్నది. ఎనక టైర్లు పూరా గుండైనయి, అవి తీసి పారేసిన. అవే రిమ్ములకు కొత్తవి ఎక్కిచ్చిన. ముందటియి సుత బాగ అరిగినయి గని ఇంక కొన్నాళ్లు నడుస్తయి, వాటిని ముట్టుకోలే."

"ఆ మాట అన్నప్పుడు ఇంకెవరున్నారు?"

"ఎవరు లేరు. నేనూ, మేడమూ." కాసేపాగి, "మేడం లేస్తే చెప్తది. జర లేస్తే మంచిగుండు," అన్నాడు.

తన కోసం లేవాలంటున్నాడో, ఆమె కోసమే లేవాలంటున్నాడో ఉదయలక్ష్మి అడగలేదు. "ఎన్ని గంటలకి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది?"

"నాలుగున్నరకొచ్చింది. ఐదున్నరకు పోయింది."

"గాలి?"

"నాలుగిట్ల ముప్పై రెండు."

"నట్లు బిగించాక ఏం చేశావు?"

"పానా మీద కాలేసి తొక్కిన. గంతే."

"రిమ్ములు కడిగావా?"

సాయిలు మొదటిసారి సిగ్గుపడ్డాడు. "బయట తుడిచిన. లోపల ఎవరు జూస్తరు మేడం? అబద్ధమెందుకు, కడగలే."

"మంచి పని చేశావు," అంది ఉదయలక్ష్మి లేస్తూ. సాయిలు ఆమెని పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

*

ఒంటిగంటా ఇరవై. బేగంపేటలో, బీమా కంపెనీ దెబ్బతిన్న కార్లు ఉంచే రేకుల షెడ్డు. ఎర్ర కారు మూలన ఉంది. ఎడమ ముందు భాగం నుజ్జయిపోయింది. దాని పక్కన తారక్ నిలబడి ఫోన్‌లో ఫోటోలు తిప్పుకుంటున్నాడు.

తారక్ బీమా కంపెనీ తరఫు డిటెక్టివ్. ఉదయలక్ష్మి దగ్గర రెండేళ్లు పని నేర్చుకుని, ఇస్త్రీ చొక్కా, పెద్ద జీతం దొరకగానే గోడ దూకాడు. పని తొందరగా ముగించడం అతనికి వచ్చు. పూర్తిగా ముగించడమే రాదు. ఇవాళ నాలుగింటికి అతని రిపోర్టు స్టేషన్‌కి చేరుతుంది. దాన్ని పట్టుకునే సాయిలుని కోర్టులో నిలబెడతారు.

"రండి మేడమ్. లేటయ్యారు. నేను రిపోర్టు రాసేశాను," అన్నాడు.

"చదువు వింటాను."

"చాలా సింపుల్. ఇది ఇరవై ఏళ్ల నాటి దిగుమతి కారు. చక్రం జారితే పట్టుకునే కంప్యూటర్ ఇందులో లేదు. డ్రైవరూ, టైర్లూ ఎంత పట్టుకుంటే అంతే. ముందు టైర్ల గాట్ల లోతు ఏడున్నర మిల్లీమీటర్లు. వెనకవి రెండే రెండు. ఫ్లైఓవర్ కెమెరాలో చూస్తే స్పీడు అరవై లోపే. వంపులో ఉండగా ముందున్న ఆటో బ్రేకేసింది. ఈవిడ కంగారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. కారు బరువంతా ముందుకొచ్చింది. కొత్త టైర్లు కాబట్టి ముందు గట్టిగా పట్టింది. వెనక బరువు తగ్గింది, అరిగిన టైర్లు, తడి రోడ్డు. వెనక వదిలేసింది. గిర్రున తిరిగింది."

"ఇక్కడిదాకా బాగానే ఉంది."

"దీనికి కారణం టైర్ షాపు వాడు. కొత్తవి ముందేశాడు. వెనకేశానని ఇప్పుడు అబద్ధమాడుతున్నాడు. అయిపోయింది."

ఉదయలక్ష్మి బ్యాగులోంచి గాలి చూసే మీటరు తీసింది. "గాలి చూశావా?"

"గుద్దేసిన కారుకి గాలేంటి మేడమ్?"

ఆమె ఒక్కో టైరుకీ మీటరు పెట్టి చూసింది. ఎడమ ముందు టైరు ఎలాగూ పేలిపోయింది. కుడి ముందుది ముప్పై ఒకటి. వెనక కుడి నలభై నాలుగు. వెనక ఎడమ కూడా నలభై నాలుగే. అరిగిన టైర్లలోకి ఎవరో పనిగట్టుకుని గాలి ఎక్కువ కొట్టారు. రాయిలా బిగుసుకున్న టైరు తడి రోడ్డుని ఆనేది ఇంకా తక్కువ. అసలే పట్టు లేనిచోట ఉన్న కాస్తా పోయింది.

"రాసుకో," అంది. తారక్ రాసుకోలేదు కానీ ముఖంలో రంగు మారింది.

తర్వాత ఆమె చున్నీ నడుముకి బిగించి, మురికి నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోను లైటు వేసి కారు కిందికి తల పెట్టింది. నలభై ఆరేళ్ల నడుము ఆ పనికి ఒప్పుకోలేదు. ఆమె నడుము మాట వినలేదు. ముందు కుడి రిమ్ము లోపల వేలితో గీసింది. వేలికి పల్చటి దుమ్ము. వెనక్కి జరిగి వెనక రిమ్ము లోపల ఇంకో వేలితో గీసింది. వేలు కాటుకలో ముంచినట్టు నల్లగా వచ్చింది. రెండో వెనక చక్రమూ అంతే.

లేచి తారక్ ముఖం ముందు రెండు వేళ్లూ పెట్టింది. "బ్రేకు వేస్తే ఎక్కువ పని చేసేది ముందు బ్రేకులా, వెనక బ్రేకులా?"

"ముందువి."

"మరి బ్రేకు పొడి ఎక్కువ పేరుకోవాల్సింది ముందు రిమ్ముల్లో కదా? ఇక్కడ వెనకున్న రిమ్ముల్లో ఇంత మసి ఉందేంటి? ఇది రెండు రోజుల మసి కాదు తారక్. నెలల తరబడి పేరుకున్నది. ఇప్పుడు వెనకున్న చక్రాలు మొన్నటిదాకా ముందుండేవి. ముందున్నవి వెనకుండేవి. సాయిలు కొత్త టైర్లు వెనక రిమ్ములకే ఎక్కించాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. తర్వాత ఎవరో రిమ్ములతో సహా చక్రాలు విప్పి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చారు. కారు ఎందుకు తిరిగిందో సరిగ్గానే చెప్పావు. ఎవరు చేశారన్న దగ్గరే పప్పులో కాలేశావు."

తారక్ వంగి తనే వేలు పెట్టి చూసుకున్నాడు. రెండో చక్రమూ చూశాడు. ఓడిపోయాడని ఉదయలక్ష్మి సంతోషించే లోపే అతను లేచి నవ్వాడు.

"అయితే రవికాంత్. ప్రతి చక్రానికీ ఒక తాళం నట్టుంది. దాన్ని విప్పే సాకెట్ డాష్‌బోర్డులో ఉంటుంది. కారు తాళం ఉన్నవాడే మార్చగలడు. డూప్లికేట్ తాళం కోచింగ్ సెంటర్లో రవికాంత్ టేబుల్ సొరుగులో ఉంది, నేను చూశాను. ఎలా వేస్తే కారు తిరుగుతుందో సాయిలు చెప్పాడు, రవికాంత్ వేశాడు. ఇద్దరూ లోపలికి. థాంక్స్ మేడమ్, ఈ మసి సంగతి నా రిపోర్టులో బాగుంటుంది."

"సాయిలు చెప్పాడనడానికి సాక్ష్యమేది?"

"అది పోలీసులు చూసుకుంటారు."

"నీకు మనుషులంటే ఖాళీలు పూరించుకునే పేర్లా?"

"మీ క్లయింటు కూడా రవికాంత్ పేరే చెప్పాడు కదా మేడమ్. నా మీదెందుకు కోపం?"

అతనన్నది నిజమే. అందుకే ఆమెకి ఒళ్లు మండింది. ఏదో ఒకటి అనడానికి నోరు తెరిచి, కుడి వెనక చక్రం వైపు చూసి ఆగిపోయింది.

నట్టు మీంచి రిమ్ము మీదికి సన్నటి తెల్ల గీత. పక్క నట్టు మీదా అలాంటిదే. అన్ని నట్ల మీదా ఉన్నాయి. గోటితో గీకి చూసింది. చాక్‌పీసు కాదు, తెల్ల పెయింటు. సన్న కుంచెతో, తొందరేమీ లేని చెయ్యి గీసిన గీతలు. ముందు చక్రం దగ్గరికెళ్లి చూసింది. అక్కడా ఉన్నాయి.

"అవి షాపు వాళ్ల గుర్తులై ఉంటాయి," అన్నాడు తారక్ చొక్కా దులుపుకుంటూ.

సాయిలు పానా మీద కాలేసి తొక్కే మనిషి. అతని దగ్గర కుంచె ఎక్కడిది? ఇలాంటి గీతలు ఉదయలక్ష్మి కొన్ని వేలు చూసింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చే బస్సుల చక్రాలన్నిటికీ ఉండేవి. చక్రం బిగించాక నట్టుకీ రిమ్ముకీ కలిపి ఒక గీత గీస్తారు. నట్టు ఏ మాత్రం వదులైనా గీత విరిగి కనిపిస్తుంది. ప్రయాణికుల ప్రాణాలు కాపాడటానికి డిపోల్లో నేర్పే జాగ్రత్త అది. చంపాలనుకున్నవాడు నట్లు వదులవకుండా చూసుకోడు.

ఆమె మీటరు బ్యాగులో పెట్టేసింది. తారక్‌కి ఏమీ చెప్పలేదు. ఒక ఆధారాన్ని దాచుకుని షెడ్డులోంచి బయటికి నడవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. అది తారక్ మీద గెలవడానికి కాదు. తన అనుమానం తప్పు కావాలని ఆమె మనసారా కోరుకుంటోంది.

*

రెండూ యాభై. పంజాగుట్టలో ఆసుపత్రి మూడో అంతస్తు. ఐసీయూ బయట కుర్చీల్లో కామరాజు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ప్లాస్కు, మందుల సంచి. ఆమెని చూడగానే లేవబోయాడు.

"కూర్చోండి కామరాజు గారూ. ఎలా ఉందట?"

"పొద్దున వేళ్లు కదిలించిందన్నారమ్మా. సాయంత్రానికి తెలివి రావచ్చట. ఆ టైర్ల వాడు ఒప్పుకున్నాడా?"

ఉదయలక్ష్మి పక్క కుర్చీలో కూర్చుంది. ఎంతటి రౌడీనైనా కళ్లలోకి చూసి అడిగే మనిషి, ఇప్పుడు ఎదురుగోడకేసి చూస్తూ అడిగింది. "శనివారం కారు ఇంటికొచ్చాక మీరు దాన్ని చూశారా?"

కామరాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మాయికి చెప్పనంటే చెబుతాను. కిందటేడు నాకు గుండెకి స్టెంట్లు వేశారు. బరువులెత్తకూడదు. మంచినీళ్ల క్యాను కూడా ఎత్తనివ్వదు అది. కారు జోలికెళితే నాతో మాట్లాడనంది."

"చెప్పను."

"ఆదివారం పొద్దున అది క్లాసుకెళ్లింది, మెట్రోలో. నేను సెల్లార్లోకి దిగి చూద్దును కదా, ఆ వెధవ కొత్త టైర్లు తీసుకెళ్లి వెనకేశాడు. అరిగినవి ముందుంచేశాడు. ఒళ్లు మండిపోయిందనుకోండి. ముందు టైరు పేలితే స్టీరింగు చేతిలో ఉంటుందా? మా డిపోలో కొత్త టైరు ముందుకి తప్ప వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. నా చేతి కింద ముప్పై నాలుగేళ్లలో ఒక్క బస్సు అదుపు తప్పలేదమ్మా. అందుకని జాకీ పెట్టి, మెల్లిగా, మధ్యమధ్య కూర్చుంటూ నాలుగూ మార్చాను. ఎనిమిదిన్నరకి మొదలెడితే పదకొండయింది. పాతవి కదా, గాలి దిగుతుందేమోనని వాటికి ఒక పన్నెండు ఎక్కువ కొట్టాను. నట్లకి గీతలు కూడా గీశాను. చిన్నపిల్లలా నడుపుతుంది, నా భయం నాది."

చెప్పి కాస్త గర్వంగా ఆమెకేసి చూశాడు. నిన్నట్నించీ ఆయన ముఖంలో వెలుగు కనిపించడం అదే మొదటిసారి. ఆ వెలుగు చూస్తే ఉదయలక్ష్మికి ఏడుపొచ్చినంత పనైంది.

ఊరుకోవచ్చు. రవికాంత్ పేరు ఎలాగూ తయారుగా ఉంది. ఈయన గుండెకి ఇది తట్టుకునే శక్తి ఉందో లేదో ఎవరికి తెలుసు? కానీ నాలుగింటికి స్టేషన్ ముందు జీపు ఆగుతుంది. అందులో సాయిలుని ఎక్కిస్తారు.

ఆమె ఫోన్ తీసి ఫ్లైఓవర్ కెమెరా వీడియో పెట్టింది. "ఇది మీరు చూడలేదు కదా. చూడండి. అమ్మాయి ముఖం కనపడదు, భయపడకండి. కారుని మాత్రం చూడండి, ఫోర్‌మన్‌లా."

ఆరు సెకన్లు. కామరాజు కళ్లజోడు సర్దుకుని చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి తనే వేలితో ఆపి దగ్గరగా చూశాడు.

"ముందు చక్రాలు తిన్నగానే పట్టుకున్నాయి," అన్నాడు నెమ్మదిగా. "వెనక జారింది. వెనక ముందుకొచ్చేసింది."

ఉదయలక్ష్మి ఫోను ఆయన చేతిలోనే వదిలేసింది.

"మా బస్సులకి వెనక నాలుగు టైర్లుంటాయమ్మా. బరువంతా వాటి మీదే ఉంటుంది. వెనక ఎప్పుడూ జారదు. దీనికి రెండే." ఆయన ఎవరితోనో లెక్క సరిచూసుకుంటున్నట్టు మాట్లాడుతున్నాడు. "ఇది తేలిక బండి. తోసేది వెనక చక్రాలు. రోడ్డు తడి. వెనక గాట్లు ఎంతున్నాయి?"

"రెండు మిల్లీమీటర్లు."

"గాలి?"

"నలభై నాలుగు."

"నేనే కొట్టాను," అన్నాడు కామరాజు.

ప్లాస్కు ఒళ్లోంచి జారి కింద పడింది. ఉదయలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుంది. నాడి పరుగెడుతోంది. నర్సుని పిలవబోతే వద్దన్నట్టు తల ఊపాడు. సంచిలోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. గోడవతల మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుళ్లలో ఒకటి అనుపమది.

"దానికి తెలిసే వెనకేయించుకుందా?"

"తెలిసే. సాయిలుకి చెప్పి మరీ."

"నన్నొక్క మాట అడిగుంటే బాగుండేది. నేనైనా దాన్ని అడిగుండాల్సింది." కళ్లు తెరిచాడు. "టైమెంతయింది?"

"మూడూ పన్నెండు."

"ఆ సాయిలుకి పిల్లలున్నారా?"

"ఒక కూతురు."

కామరాజు చెయ్యి చాపాడు. "కాగితం ఇవ్వండి. పెన్ను కూడా. అది లేచేలోపే రాసేయాలి. లేచాక నాకు ధైర్యం చాలదు."

ఉదయలక్ష్మి నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి ఇచ్చింది. ఆయన మందుల ఫైలు ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలెట్టాడు. డిపో రిపోర్టు రాసినట్టే రాశాడు. తేదీ, మొదలెట్టిన సమయం, ముగించిన సమయం, ఏ చక్రం ఎక్కణ్ణించి ఎక్కడికి మార్చిందీ, ఎంత గాలి కొట్టిందీ. ఎక్కడా కొట్టివేత లేదు. సాయిలు పనిలో ఏ లోపమూ లేదని కింద గీత గీసి రాశాడు. తన పేరు రాసి, పక్కన అనుపమ తండ్రి అని రాస్తున్నప్పుడు మాత్రం పెన్ను కాసేపు ఆగింది.

సంతకం పెట్టి ఇస్తుంటే ఐసీయూ తలుపు తెరుచుకుంది. పడుచు నర్సు ఒకామె నవ్వుతూ బయటికి వచ్చింది.

"అనుపమ వాళ్ల నాన్నగారు మీరే కదా? మీ అమ్మాయి కళ్లు తెరిచింది. మాట్లాడుతోంది సార్. తెలివి వచ్చినప్పట్నించీ ఒకటే మాట. కొత్త టైర్లు వెనకే వేయించానుగా, వెనకెలా జారింది, మా నాన్ననొకసారి కారు చూడమనండి, ఆయన చూస్తే తెలిసిపోతుంది అంటోంది."

కామరాజు కాగితం ఉదయలక్ష్మి చేతిలో పెట్టి, ఆ చేతి వేళ్లు తనే మూశాడు. "మీరు స్టేషన్‌కెళ్లండమ్మా. ట్రాఫిక్కులో లేటవుతుంది," అన్నాడు. తలుపు దగ్గర చెప్పులు విడిచి, నర్సు ఇచ్చిన ఆకుపచ్చ గౌను తొడుక్కున్నాడు. దాని ముళ్లు వేసుకోవడానికి వేళ్లు సహకరించకపోతే ఆ అమ్మాయే వెనక నిలబడి వేసింది.

"నిజం చెబితే దానికి మళ్లీ ఏమన్నా అవుతుందా అమ్మా?" అని అడిగాడు.

నర్సుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "బీపీ పెరగకూడదు సార్. కాస్త సంతోషపెట్టే మాటలు చెప్పండి," అంటూ ఆయన్ని లోపలికి నడిపించింది.